దేనితో సరిచూశావు?

మా నాన్న ప్రూఫ్ రీడరు. కంపోజిటర్లు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే రోజుల్లో మొదలుపెట్టి, కంప్యూటర్లు వచ్చి ఆ అక్షరాలన్నీ తూకానికి పోయేదాకా అదే పని చేశాడు. ఎవరేం చెప్పినా వెంటనే అవుననడం గానీ కాదనడం గానీ ఆయనకి చేతకాదు. "దేనితో సరిచూశావు?" అనేవాడు. లెక్కల పరీక్ష బాగా రాశానని చెప్పినా అదే ప్రశ్న, వానొచ్చేలా ఉందన్నా అదే ప్రశ్న. అమ్మకి ఒళ్లు మండేది. "ఆకాశంతో సరిచూశాను, ముందు బట్టలు తియ్యండి" అనేది.

అసలు, నకిలీ, నిజం, అబద్ధం అని ఎక్కడ తగువు జరుగుతున్నా నాకు ముందు ఆ ప్రశ్నే గుర్తొస్తుంది. దేన్నైనా నిజమనాలంటే ఫలానా దానితో పోల్చి చూశాననాలి. ఆ ఫలానాది ఏమిటో చెప్పకుండా ఎంత గొంతు చించుకున్నా లాభం లేదు. ఇదేదో తర్కశాస్త్రం చదివి తెలుసుకున్నది కాదు. తడి ఆరని గ్యాలీ ప్రూఫుల ముందు, అంటే పేజీలు కట్టకముందు తప్పులు చూసుకోవడానికి తీసే అచ్చు కాగితాల ముందు కూర్చుని తెలుసుకున్నది.

ప్రూఫ్ సరిగ్గా చూడాలంటే ఇద్దరు కావాలి. ఒకరు మూలప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫ్ మీద కన్ను పెట్టి కూర్చోవాలి. ప్రెస్సులో రెండో మనిషిని పెట్టుకునే స్తోమత లేదు గనక, నాన్న కాగితాలు ఇంటికి తెచ్చుకునేవాడు. మొదట్లో అన్నయ్యని కూర్చోబెట్టి చూశాడు గానీ వాడు పనికిరాలేదు. వాడు అర్థం చేసుకుని చదివేవాడు. రాతలో మాట తప్పుగా ఉంటే వాడి నోరు దానంతటదే సర్దుకుని సరైన మాట పలికేది. నాకు అప్పటికి సగం మాటలకి అర్థం తెలీదు. ఉన్నదున్నట్టు చదివేదాన్ని. అలా ఆ ఉద్యోగం నాకొచ్చింది.

ఆ చదవడం కూడా మామూలు చదవడం కాదు. విరామచిహ్నాలతో సహా పలకాలి. "రాజు కామా మంత్రి కామా సేనాపతి బయలుదేరారు ఫుల్‌స్టాప్ కొత్త పేరా." అంకెలు వస్తే విడివిడిగా చెప్పాలి. పద్దెనిమిది వందల యాభై ఏడు అనకూడదు, ఒకటి ఎనిమిది ఐదు ఏడు అనాలి. మనుషుల పేర్లొస్తే వత్తులతో సహా విప్పి చెప్పాలి. "థ, పొట్టలో చుక్క ఉన్న థ" అని నేనంటే, నాన్న వరస కింద పెట్టుకున్న అట్టముక్క అలాగే ఆపి, ఎర్రసిరా కలం గాల్లోనే ఉంచి, ఆ అక్షరం మీదికి వంగేవాడు. అరిగిపోయిన టైపులో ప ఏదో వ ఏదో, మ ఏదో య ఏదో తేలేది కాదు. ప్రెస్సులో ఉండే కంపోజిటర్ మావయ్య దీని మీద రోజూ వాదన పెట్టుకునేవాడు. "చదివేవాళ్లకి తెలుస్తుంది లెండి గురువుగారూ." నాన్న ఒప్పుకునేవాడు కాదు. "మాటైతే తెలుస్తుంది. ఊరి పేరైతే ఎట్లా తెలుస్తుందయ్యా?"

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఒక పెద్దాయన పుస్తకం. ఉద్యోగం నుంచి రిటైరై, తన జీవితం తనే రాసుకుని, సొంత డబ్బు పెట్టి అచ్చు వేయించుకుంటున్నాడు. మొదటి ప్రకరణంలో, తనకి ఐదేళ్లప్పుడు తల్లి చనిపోయిందని రాశాడు. చాలా పేజీల తర్వాత ఇంకోచోట, తను పై చదువుల బడికి మొదటిసారి బయలుదేరుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, సందు మలుపు తిరిగేదాకా చూసిందని రాశాడు. అప్పుడు ఎనిమిదేళ్లని కూడా రాశాడు. చదువుతూ చదువుతూ నేనే ఆగిపోయాను. మొదటి ప్రకరణంలో ఐదు కొట్టేసి తొమ్మిది చేసేస్తే సరిపోతుంది కదా అన్నాను. "తొమ్మిదే అని నీకెవరు చెప్పారు తల్లీ?" అని నాన్న రెండు చోట్లా మార్జిన్లో గుండ్రంగా గీసి, లోపల ప్రశ్న గుర్తు పెట్టి, ఒకదాని పక్కన రెండోదాని పేజీ నంబరు వేశాడు.

పెద్దాయన వచ్చి ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ రోజు సెలవు కాబట్టి నేను ప్రెస్సులోనే ఉన్నాను. చివరికి ఆయన చెప్పిందేమిటంటే, ఐదేళ్లన్నది ఇంట్లో కాగితాల మీద ఉన్న లెక్క. ఆ కాగితాలు ఆయన స్వయంగా చూశాడు. గుమ్మంలో నిలబడిందన్నది ఆయన కళ్లకి కనిపిస్తున్నది. "రెండూ ఉండనివ్వండి" అన్నాడు. నాన్న ఇంకేమీ అడక్కుండా తను పెట్టిన ప్రశ్న గుర్తులే కొట్టేశాడు.

ఆ రాత్రి నేను నాన్నని నిలదీశాను. తెలిసి తెలిసి అబద్ధం అచ్చు వేస్తారా అని. నాన్న చెప్పిన జవాబు నాకు అప్పుడు నచ్చలేదు. "ఆయన రాసిందే అచ్చయిందా లేదా, అది నా పూచీ. ఆయన రాసినట్టే జరిగిందా లేదా, అది ఆయన పూచీ. నా పని నేను వదిలి ఆయన పనిలో వేలు పెడితే రెండూ చెడతాయి."

రెండు పూచీలు. ఇది అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది. ఒక వస్తువు అసలుదేనా అన్నది ఒక ప్రశ్న. అది చెప్పేది నిజమేనా అన్నది ఇంకో ప్రశ్న. మనం మామూలుగా రెండిటినీ ఒకే మూటలో కట్టేస్తాం. మనిషి స్వహస్తాలతో రాసిన ఉత్తరంలో మొదటి నుంచి చివరిదాకా అబద్ధాలే ఉండొచ్చు, ఉత్తరం మాత్రం అసలుదే. దొంగసంతకం పెట్టిన కాగితంలో ప్రతి ముక్కా జరిగిందే అయ్యుండొచ్చు, కాగితం మాత్రం దొంగదే. కోర్టుల్లో లాయర్లకి ఇది వెన్నతో పెట్టిన విద్య. మిగతా మనకే ఆలస్యంగా తడుతుంది.

అసలుదా కాదా అని తేల్చడంలో ప్రూఫ్ రీడర్ బుర్రతో పనిచేసినవాళ్లలో నాకు ఇష్టమైనవాడు లోరెంజో వల్లా. ఇటలీ పండితుడు. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి రోము నగరాన్నీ పడమటి రాజ్యాన్నీ పోపుకి రాసిచ్చాడని ఒక దానపత్రం వందల ఏళ్లుగా చలామణీలో ఉండేది. 1440లో వల్లా దాన్ని చదివి, ఇందులో లాటిన్ ఆ కాలపు లాటిన్ కాదని, కాన్‌స్టంటైన్ నాటి రోములో ఎవరూ వాడని మాటలు ఇందులో ఉన్నాయని ఒక్కొక్కటే ఎత్తి చూపించాడు. సాక్షులు లేరు, ప్రయోగశాల లేదు. భాషతో సరిచూశాడు, అంతే. నాన్నకి వల్లా సంగతి తెలిసుంటే ఫోటో కట్టించి గోడకి తగిలించేవాడు.

తెలుగు పుస్తకాల దగ్గరికొస్తే నాన్నకి ఈ చిక్కు వేమన పద్యాలతో వచ్చేది. బళ్లకి పద్యాల పుస్తకాలు వేస్తున్నప్పుడల్లా ఒక పుస్తకంలో ఉన్న పద్యం ఇంకోదాంట్లో ఇంకో రకంగా ఉండేది. సి.పి.బ్రౌన్ 1829లో ఆ పద్యాలు అచ్చు వేయించేనాటికే ఒక్కో రాతప్రతిలో ఒక్కో పాఠం. ఏ ప్రతితో సరిచూడాలి? పైగా "విశ్వదాభిరామ వినురవేమ" అనే మకుటం ఎవరు తగిలించినా తగులుకుంటుంది. ఆటవెలది నడక చెవిలో పడ్డవాడెవడైనా మూడు పాదాలు అల్లి నాలుగోది ఉచితంగా తెచ్చుకోవచ్చు. ఇన్ని వందల ఏళ్లలో ఎంతమంది తెచ్చుకున్నారో. వాటిలో కొన్ని బ్రహ్మాండంగా ఉన్నాయి, వేమన రాసుండకపోవచ్చు. కొన్ని నాసిగా ఉన్నాయి, వేమనే రాసుండొచ్చు. బాగుంది కాబట్టి ఆయనదే అనే వాదన నాన్నకి అస్సలు గిట్టేది కాదు. నాకూ గిట్టదు.

నిఘంటువు సంగతి వేరు కదా, అక్కడ తప్పు దొర్లదు కదా అనుకుంటాం. 1934లో అచ్చయిన వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువులో "డోర్డ్" అని ఒక మాట ఉంది. అర్థం, సాంద్రత. అలాంటి మాట ఇంగ్లీషులో లేదు. జరిగిందేమిటంటే, 1931లో రసాయనశాస్త్రం చూసే సంపాదకుడు ఒక చీటీ పంపాడు. సాంద్రతకి పొట్టిగుర్తుగా పెద్ద డి గానీ చిన్న డి గానీ వాడొచ్చని దాని సారాంశం. "డి ఆర్ డి" (D or d) అని విడివిడిగా రాసిన అక్షరాలని ఎవరో కలిపి చదివారు. చీటీ పొట్టిగుర్తుల కట్టలోకి పోకుండా మాటల కట్టలోకి పోయింది. దానికి నామవాచకమని ముద్ర పడింది, ఎలా పలకాలో కూడా ఎవరో రాసిపెట్టారు. 1939లో ఒక సంపాదకుడికి అనుమానం వచ్చింది. ఎందుకంటే ఆ మాటకి పుట్టుపూర్వోత్తరాలు లేవు. ఏ భాషలోంచి వచ్చిందో, ఏ మాటలోంచి పుట్టిందో ఆ ఖాళీ ఖాళీగానే ఉంది. వెతుక్కుంటూ వెనక్కి పోతే చీటీ దొరికింది. ఐదేళ్లపాటు ఆ మాట చూసినవాళ్లు దాన్ని నిఘంటువుతో సరిచూసుకుని ఉంటారు. సరిపోయే ఉంటుంది కూడా.

దీనికి తిరగేసిన కథ ఇంకోటుంది. అమెరికాలో 1930లలో ఒక మ్యాపుల కంపెనీవాళ్లు, తమ పటాన్ని ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికని న్యూయార్క్ రాష్ట్రంలో రెండు మట్టిరోడ్లు కలిసేచోట "ఆగ్లో" అని లేని ఊరొకటి వేశారు. పటం గీసిన ఇద్దరి పేర్లలోని పొడి అక్షరాలు కలిపి ఆ పేరు అల్లారు. కొన్నేళ్లకి ఇంకో పెద్ద కంపెనీ పటంలో ఆగ్లో కనిపించింది. దొరికారు దొంగలు అనుకున్నారు. అవతలివాళ్లు తాపీగా, అక్కడ ఆగ్లో జనరల్ స్టోర్ అని నిజంగానే ఒక దుకాణం ఉందని చెప్పారు. ఉంది కూడా. దుకాణం పెట్టినవాడు మ్యాపు చూసి, ఈ చోటుని ఇలా అంటారు కాబోలు అనుకుని ఆ పేరు పెట్టుకున్నాడు. పటం చోటుతో సరిపోవాలి గానీ చోటే పటంతో సరిపోవడం ఏమిటి? తర్వాత దుకాణం మూతపడింది. ఊరు మళ్లీ అబద్ధమైంది.

ఇక నాన్న కథ. అంటే నాన్న చెప్పే కథ. ప్రెస్సులో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆయన పాలకూర కథ చెప్పేవాడు. ఒకానొక జర్మన్ శాస్త్రవేత్త పాలకూరలో ఇనుము ఎంతుందో కొలిచి రాశాడట. అచ్చులో దశాంశబిందువు ఒక స్థానం పక్కకి జరిగింది. ఉన్నదానికి పదిరెట్లయింది. ఆ ఒక్క చుక్క వల్ల దశాబ్దాల తరబడి ప్రపంచమంతా పిల్లల గొంతుల్లో పాలకూర కుక్కింది. ఇక్కడ నాన్న ఆగి, చూపుడువేలు గోటి మీద బొటనవేలు పెట్టి, చుక్క అంటే ఎంతుంటుందో చూపించేవాడు. "ఇంతే. ఇంతే. ఒక ప్రూఫ్ రీడరు కునుకు తీశాడు." ఎవరూ మాట్లాడేవారు కాదు. కుర్రాళ్లు ఆ తర్వాత కొన్నాళ్లపాటు చుక్కల జోలికి భయంభయంగా వెళ్లేవారు.

నాన్న పోయాక ఆ కథ ఎక్కడిదో చూద్దామని వెతికాను. ఇంగ్లీషులో అందరూ చెప్పే ఈ కథకి బాగా ప్రచారం తెచ్చింది టి.జె.హాంబ్లిన్ అనే రక్తవ్యాధుల వైద్యుడు. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాసిన ఒక వ్యాసంలో దాన్ని చెప్పాడు. వ్యాసం పేరే "ఫేక్". మోసాల గురించి, తప్పుడు లెక్కల గురించి రాసిన వ్యాసం. అందులో పాలకూర కథకి ఆధారం ఇవ్వలేదు. 2010లో నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీలో నేరశాస్త్రం చెప్పే మైక్ సటన్ దాని మూలం కోసం వెనక్కి తవ్వుకుంటూ పోయాడు. హాంబ్లిన్‌నే అడిగాడు. ఎక్కడ చదివాడో ఆయన చూపించలేకపోయాడు. పాత జర్మన్ లెక్కల్లో చుక్క జారిన దాఖలా సటన్‌కి దొరకలేదు. పాలకూరలో ఇనుము బాగానే ఉంది, ఒంటికి పట్టేదే తక్కువ, దానికీ అచ్చుతప్పుకీ సంబంధం లేదు. సరిచూడకపోతే ఏమవుతుందో చెప్పే కథని తరాల తరబడి ఎవరూ సరిచూడలేదు.

నాన్న ఉండుంటే పడీపడీ నవ్వేవాడని అన్నయ్య అంటాడు. నాకలా అనిపించదు. నాన్నకి తన పని మీద నవ్వు రాదు. కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి, ఆ తర్వాత తను ఆ కథ చెప్పిన కుర్రాళ్ల పేర్లు రాసుకుని, ఒక్కొక్కరికీ కార్డు ముక్క రాసి పడేసేవాడు. అయినా ఆ కథ ఆయన దగ్గర ఎందుకు చెల్లిందో నాకు తెలుసు. ఆయనకి అది నచ్చింది. ఆయన బతుకంతా దేనికోసం కళ్లు చెడగొట్టుకున్నాడో దానికి అది సాక్ష్యం చెబుతోంది. మనకి పనికొచ్చే సాక్షిని మనం అడ్డుప్రశ్నలు వెయ్యం. నాకు నచ్చని వార్త వాట్సాప్‌లో వస్తే ఆధారం అడుగుతాను. నచ్చింది వస్తే ఫార్వర్డ్ చెయ్యాలని వేలు లాగుతుంది. నాన్న కూతుర్ని కాబట్టి ఆపుకుంటాను గానీ, లాగడం మాత్రం లాగుతుంది.

1983లో హిట్లర్ డైరీల గొడవ వచ్చినప్పుడు మాత్రం ప్రెస్సులో పండగే. ష్టెర్న్ అనే జర్మన్ పత్రిక, హిట్లర్ స్వయంగా రాసుకున్న డైరీలు దొరికాయంటూ ఏప్రిల్లో ప్రకటించింది. సుమారు 60 సంపుటాలు. చేతిరాత నిపుణులు చూసి హిట్లర్ రాతేనని తేల్చారు. రెండు వారాలు తిరక్కముందే జర్మనీ ప్రభుత్వ ప్రయోగశాలల్లో పరీక్షలు చేస్తే, కాగితంలో యుద్ధం తర్వాత గానీ వాడుకలోకి రాని తెలుపుదనం తెచ్చే రసాయనం బయటపడింది. రాసినవాడు కొన్రాడ్ కుయావ్ అనే ఫోర్జరీగాడు. మరి నిపుణులు అంత ధీమాగా ఎలా చెప్పారు? వాళ్లకి పోల్చి చూడమని ఇచ్చిన హిట్లర్ రాత నమూనాల్లో కుయావ్ అంతకుముందు రాసి అమ్మినవీ ఉన్నాయి. దొంగ కాగితాన్ని అదే దొంగ రాసిన ఇంకో కాగితంతో సరిచూశారు. సరిపోక ఏం చేస్తుంది?

కంపోజిటర్ మావయ్యకి నచ్చిన ముక్క వేరే ఉంది. డైరీ అట్టల మీద హిట్లర్ పొడి అక్షరాలు అంటించడానికి పాతకాలపు జర్మన్ అచ్చక్షరాలు తెచ్చిన కుయావ్, ఏ అనుకుని ఎఫ్ అంటించాడు. ఏ.హెచ్. కాస్తా ఎఫ్.హెచ్. అయింది. పట్టుబడింది దానివల్ల కాదు గానీ, లక్షలు పోసి కొన్నవాళ్లలో ఒక్కడూ అట్ట మీది అక్షరం చూసి ఆగలేదు. "చదివేవాళ్లకి తెలుస్తుంది లెండి గురువుగారూ" అని నాన్న మాట్లాడబోయే లోపే మావయ్య అందుకునేవాడు. ఆ ఒక్క విషయంలో వాదన మావయ్యే ఓడిపోయాడు, ఓడిపోయి కూడా ఎంత సంతోషపడ్డాడో.

నాన్న సామాన్లు పంచుకునేటప్పుడు నాకూ అన్నయ్యకీ ఒక కాగితం దగ్గర పేచీ వచ్చింది. ఆయన ఆఖరుగా చూసిన ప్రూఫు పేజీ. ఎర్రసిరా గుర్తులు, మార్జిన్లో రెండు ప్రశ్నలు, మూలన సంతకం, తేదీ. అన్నయ్య దాన్ని రంగుల్లో స్కాన్ తీయించి, మంచి కాగితం మీద ప్రింటు వేయించి నాకిచ్చాడు. "ఇందులో లేనిది అందులో ఏముందే?" అన్నాడు. నిజానికి ఏమీ లేదు. ప్రింటే శుభ్రంగా ఉంది, చదవడానికి ఇంకా హాయిగా ఉంది. అయినా నాకు అసలు కాగితమే కావాలి. ఆయన చెయ్యి ఆనిన కాగితం. వెనక్కి తిప్పితే కొట్టివేత గీతలు వేలికి తగులుతాయి. అన్నయ్య ఇదంతా చాదస్తమంటాడు. బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం ప్రచురించారు. పిల్లలు రాత్రిళ్లు పక్కలో పెట్టుకునే బొమ్మని, దుప్పటిని ఒక పెట్టెలో పెట్టి, అచ్చం అలాంటిదే ఇంకోటి తయారుచేసే యంత్రం ఇదని నమ్మించారు. నిజానికి అదొక గారడీ పెట్టె. మామూలు ఆటబొమ్మలకైతే పిల్లలు కొత్తదే బాగుందని పుచ్చుకున్నారు. తమ సొంత పక్క బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఎక్కువమంది పాతదే కావాలన్నారు. కొందరైతే దాన్ని యంత్రంలో పెట్టనివ్వనేలేదు. వాళ్లకింకా బడికి వెళ్లే వయసు కూడా సరిగ్గా రాలేదు. కాబట్టి నాది చాదస్తమైతే పుట్టుకతో వచ్చిన చాదస్తమే. కాగితం నా దగ్గరే ఉంది.

కాగితానికైతే ఏదో ఒక మూలం ఉంటుంది, వెతుక్కోవచ్చు. జ్ఞాపకాన్ని దేనితో సరిచూడాలి?

నా చిన్నప్పటి జ్ఞాపకాల్లో అన్నిటికంటే స్పష్టంగా ఉన్నది ప్రెస్సులో ఫారం పడిపోయిన రాత్రి. మరునాడు అచ్చు వెయ్యడానికి బిగించి పెట్టిన పేజీలు కిందపడి, అక్షరాలన్నీ గచ్చంతా చెల్లాచెదురయ్యాయి. బయట వాన. కరెంటు లేదు. నాన్న కొవ్వొత్తి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో అక్షరాన్నీ వెలుగుకి పట్టుకుని చూస్తూ ఏరుతున్నాడు. నా మడమకి ఒక అక్షరం గుచ్చుకుంది, చల్లగా. ఇప్పటికీ ఆ చలవ తెలుస్తుంది. అన్నయ్య మాత్రం అప్పటికి నేను పుట్టనేలేదని, వాడు ప్రతి వానాకాలంలోనూ చెబుతుంటే వినీ వినీ నాదని అనుకుంటున్నానని అంటాడు.

వాడి మాట కొట్టిపారెయ్యడానికి లేదు. పిల్లల బుద్ధి వికాసం మీద అంత పని చేసిన జాన్ పియాజే కూడా ఇదే రాసుకున్నాడు. రెండేళ్లప్పుడు తోపుడుబండిలో ఉన్న తనని ఎవడో ఎత్తుకుపోబోతే ఆయా అడ్డుపడిందని, ఆమె ముఖం మీద గీరుకున్న గుర్తులతో సహా ఆయనకి కళ్లకి కట్టినట్టు ఉండేది. ఆయనకి పదిహేనేళ్లు వచ్చాక ఆ ఆయా పియాజే తల్లిదండ్రులకి ఉత్తరం రాసింది. అదంతా తను కల్పించి చెప్పానని, బహుమతిగా ఇచ్చిన గడియారం తిరిగిచ్చేస్తున్నానని. పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే విన్న కథ ఆయన కళ్లముందు బొమ్మ కట్టింది. బొమ్మ మాత్రం పోలేదు.

ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తది ఇంకా తమాషా. 1941 డిసెంబరులో అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిందన్న వార్త తనకెలా తెలిసిందో ఆయనకి బాగా గుర్తు. రేడియోలో బేస్‌బాల్ ఆట వింటుంటే మధ్యలో ఆపి చెప్పారు. చాలా ఏళ్లు గడిచాక గానీ, డిసెంబరులో బేస్‌బాల్ ఆడరన్నది ఆయనకి తట్టలేదు. ఆ నైసరే 1986 జనవరిలో ఛాలెంజర్ అంతరిక్షనౌక పేలిపోయిన మర్నాడు, ఆ వార్త ఎలా విన్నారో తన విద్యార్థుల చేత రాయించి పెట్టుకున్నాడు. రెండున్నరేళ్ల తర్వాత నికోల్ హార్ష్‌తో కలిసి వాళ్లనే మళ్లీ అడిగాడు. నాలుగో వంతు మందికి ఒక్క ముఖ్య వివరం కూడా మొదట రాసినదానితో కలవలేదు. నమ్మకం మాత్రం గట్టిగానే ఉంది. వాళ్ల చేతిరాతే వాళ్లకి చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. అంటే మూలప్రతి చేతిలో ఉంది, అది తమదేనని ఒప్పుకుంటున్నారు, అయినా దిద్దుకోవడం కుదరడం లేదు. తల్లి గుమ్మంలో నిలబడిందన్న ఆ పెద్దాయన తెలివైనవాడు. కాగితం లెక్క కాగితానికి రాసి, కంటిది కంటికి రాసి, రెండిటినీ కలపకుండా వదిలేశాడు.

నేనంత తెలివైనదాన్ని కాదు. పోయినేడు అన్నయ్యా నేనూ పంతం పట్టి, ఈ ఫారం సంగతి తేల్చుకుందామని స్పీకర్ ఫోన్లో కంపోజిటర్ మావయ్యకి ఫోన్ చేశాం. ఆయనకి ఎనభై దాటాయి. గొంతు సన్నబడింది గానీ మాట ఖణీమంటోంది. ఫారం పడటమేమిటి, అది అంత తేలిగ్గా పడుతుందా అన్నాడు. పడింది అక్షరాల కేసు, అంటే సీసపు అక్షరాలు గళ్లలో పోసి ఉంచే అర. రాత్రి కాదు, మధ్యాహ్నం. వాన లేదు, పైగా ఎండ మండిపోతోంది. పడేసింది కూడా మరెవరో కాదు, నాన్నే. కళ్లజోడు తుడుచుకుంటూ వెనక్కి నడిచి తగిలించాడు. పిల్లలిద్దరూ అక్కడే ఉన్నారు.

"అదిగో, నేనున్నాను" అన్నాను నేను.

"ఉన్నావమ్మా. బల్ల కింద దూరి అక్షరాలు జేబులో వేసుకుంటుంటే మీ నాన్న చూసి కేకలేశారు. మీ అన్న ఒకటే ఏడుపు."

అన్నయ్య ముఖం ఎర్రబడింది. తను ఏడవలేదన్నాడు. అసలు ఆ రోజు తను స్కూల్లో ఉన్నానని, సాయంత్రం వచ్చి చూసేసరికి నాన్న కొవ్వొత్తి వెలుగులో అక్షరాలు ఏరుతున్నాడని అన్నాడు. కొవ్వొత్తి నాది, నా దగ్గర్నుంచి తీసుకున్నావు అన్నాను. కాసేపు అలా అరుచుకున్నాం. మావయ్య ఓపిగ్గా అంతా విని, "ఏడ్చింది నువ్వేనేమో అమ్మాయ్, మగపిల్లాడు ఎందుకేడుస్తాడులే" అని సర్దబోయాడు. దానికి నేనూ ఒప్పుకోలేదు, వాడూ ఒప్పుకోలేదు. ఫోన్ పెట్టేశాక అన్నయ్య, మావయ్యకి మతిమరుపు బాగా ఎక్కువైపోయిందని తేల్చేశాడు.